నీలి పంట్లాం

హయాత్ సాయిబు దాన్ని రెండు చేతులా పట్టుకుని దులిపాడు. దుమ్ము రాలలేదుగానీ, తడిసిన గోనెపట్టా దులిపినట్టు బరువుగా చప్పుడైంది.

"ఇదేం గుడ్డయ్యా ప్రేమదాసూ? గుడ్డా, తోలా?"

"అది తెలిస్తే మీ దగ్గరికెందుకొస్తాను సాయిబు గారూ?"

ప్రేమదాసు వసారా మెట్టు కింద ఎండలో నిలబడి నవ్వుతున్నాడు. పక్కనే అతని భార్య రెబ్కా. మిరపకాయల కోతకు వెళ్తూ దారిలో ఆగింది కాబట్టి ఆవిడ చూపు రోడ్డు మీదే ఉంది. ముందు పోతున్న ఆడకూలీలు మలుపు తిరిగేలోపు ఈ సంగతి తెమిలిపోవాలని ఆవిడ తొందర.

"చర్చి మిషను కాంపౌండులో అమెరికా నుంచి గుడ్డల మూటలు దిగాయండి" అంది. "చీటీలేసి పంచారు. కంబళి పడాలని నేను ప్రార్థన చేసుకుంటూ కూర్చున్నా. కంబళి మా తోడికోడలికి పడింది. మా ఇంటికి ఇదొచ్చింది. దీన్ని కప్పుకోవాలా, పరుచుకోవాలా?"

"నేను వేసుకుంటానని చెప్తున్నాగా" అన్నాడు ప్రేమదాసు.

"నీలాంటోళ్ళు ఇద్దరు పడతారు అందులో."

నిజమే. ఎవరో భారీ మనిషి పంట్లాం అది. హయాత్ ఒళ్ళో పరుచుకుని చూశాడు. మీసాలు రాకముందు నుంచీ మిషను తొక్కుతున్నవాడు. పోలీసోళ్ళ ఖాకీ డ్రిల్లు కుట్టాడు, పెళ్ళికొడుకుల సిల్కు చొక్కాలు కుట్టాడు, ఒకసారి నాటకాల కంపెనీకి తెర కూడా కుట్టాడు. ఇలాంటి గుడ్డ మాత్రం చేతికి రాలేదు. పైన నీలం, లోపల తెలుపు. నిలువు పోగులన్నీ నీలం, అడ్డపోగులన్నీ తెలుపు, నేతలో సన్నటి ఏటవాలు గీతలు. ఎక్కడా పచ్చి అంచు బయటికి కనపడకుండా ఒకదాంట్లో ఒకటి మడిచి, ఆ మందం మీద పసుపుపచ్చ దారంతో జంటకుట్లు వేశారు. జేబు మూలల్లో రాగి మేకులు. మోకాళ్ళ దగ్గర రంగు వెలిసి నూలు తేలింది. కుడి తొడ మీద ఎన్నిసార్లు ఉతికినా పోని నూనె మరక.

"దీని మనిషి మోకాళ్ళ మీద కూర్చుని పనిచేసేవాడు" అన్నాడు హయాత్.

"పాస్టరు గారూ అదే చెప్పారండి. ఆ దేశంలో గనుల్లో దిగేవాళ్ళూ, పశువుల్ని తోలేవాళ్ళూ ఇవే వేసుకుంటారంట. కూలోళ్ళ గుడ్డంట." ప్రేమదాసు పంచె పైకి లాగి కాలు మెట్టు మీద పెట్టాడు. మోకాలి నుంచి చీలమండ దాకా గీతలే. మానినవి కొన్ని, పచ్చివి కొన్ని. "ఈ నెలంతా పత్తికట్టె పీకుడే గదండీ. పీకినప్పుడు సగం కట్టె విరిగి మోడు భూమిలోనే ఉంటది. కత్తిలాగుంటది. ఈ గుడ్డలోకి దిగదు. సూది పెట్టి పొడిచి చూశా, వంగిపోయింది."

హయాత్ టేపు తీశాడు. నడుము కొలిచి, సబ్బుముక్కతో గీత పెట్టి, కాళ్ళ పొడుగు దగ్గరికొచ్చేసరికి ప్రేమదాసు వంగి అతని చెయ్యి పట్టుకోబోయి, మళ్ళీ ఆగాడు.

"కత్తిరించకండి సాయిబు గారూ. లోపలికి మడవండి. ఇంత మంచి గుడ్డ ముక్క కింద పారేస్తే పాపం."

"నడుమూ అంతేనా?"

"అన్నీ మడవండి. రేపు నేను లావెక్కితే?"

రెబ్కా అప్పుడు నవ్వింది. నవ్వుతూనే మలుపు వైపు పరిగెత్తింది.

ఆ వసారా అంకమ్మరావుది. లోపల ఆయన పత్తి కొట్టు. ప్రేమదాసు కూలికి పోయేదీ ఆయన చేలకే. పత్తి కుక్కిన బోరాలు కొట్టుదాటి వచ్చి వసారాలో సగం ఆక్రమించుకుంటే, మిగిలిన సగంలో హయాత్ మిషనూ, ఒక బల్లా, కొయ్యకు తగిలించిన నాలుగు బట్టలూ ఉండేవి. అద్దె అంటూ లేదు. అంకమ్మరావు ఇంట్లో బట్టలన్నీ కుట్టిపెట్టడమే అద్దె. మధ్యాహ్నం హయాత్ భార్య మస్తాన్‌బీ సంగటి తెచ్చి, అతను తింటున్నంతసేపూ కాజాలు కుట్టేది.

ఆరోజు మిషను మొరాయించింది. నడుం పట్టీ మందం మిషను పాదం కిందికి ఒక పట్టాన దూరలేదు. చక్రం చేత్తో తిప్పుకుంటూ ఒక్కొక్క కుట్టే దించాల్సి వచ్చింది. జంటకుట్టు మీదికి ఎక్కేసరికి సూది టక్కుమని విరిగి ముక్క ఎగిరి బోరాల్లో పడింది. రెండో సూదీ అంతే అయింది. చివరికి హయాత్ మిషను పక్కకు నెట్టి, గోనెసంచులు కుట్టే దబ్బనంతో చేతికుట్టు మొదలుపెట్టాడు. సాయంత్రానికి అతని బొటనవేలూ చూపుడువేలూ నీలంగా మారాయి.

మస్తాన్‌బీ ఆ వేళ్ళు పట్టుకుని చూసింది. పంట్లాం అంచు నోట్లో పెట్టుకుని పంటితో కొంచెం నొక్కింది.

"ఇది నీలిమందు" అంది. "మా అబ్బ చేతులు మోచేతుల దాకా ఇలాగే ఉండేవి."

ఆవిడ పుట్టిల్లు పేరాల. తండ్రి నీలికుండలు పెట్టిన మనిషి. నూలు కుండలో ముంచి తీస్తే మొదట ఆకుపచ్చగా ఉండేదనీ, గాలి తగిలిన కొద్దీ చూస్తుండగానే నీలంగా తిరిగేదనీ ఆవిడ చాలాసార్లు చెప్పింది. ఆ నూలుతో నేసిన రుమాళ్ళు ఓడలెక్కి ఎక్కడెక్కడికో వెళ్ళేవి. తర్వాత దొరల సీమ నుంచి డబ్బాల్లో రంగు వచ్చింది. కుండలు బోర్లించేశారు.

"ఎంత ముంచినా నీలి పోగు లోపలికంటా పోదు" అంది మస్తాన్‌బీ. "పైపైనే పట్టుకునుంటుంది. అందుకే మనిషి ఎక్కడెక్కడ ఒరుసుకున్నాడో అక్కడక్కడ తెల్లబడుతుంది. దాచుకోలేడు."

మర్నాడు పొద్దున్నే ప్రేమదాసు పంట్లాం తీసుకుని బోరాల వెనక్కి వెళ్ళి తొడుక్కుని వచ్చాడు. హయాత్ చుట్టూ తిరిగి చూశాడు. గుడ్డ మనిషికి అతుక్కుపోయింది. ప్రేమదాసు వంగి చూశాడు, గొంతుక్కూర్చున్నాడు, లేచాడు. మోకాళ్ళ మీద అరచేతులతో చరిచాడు. పైన చిరుగుల బనీను, తలకు తువ్వాలు. నడుము కిందికి చూస్తే మాత్రం వేరే ఎవరో.

"ఎలా ఉంది?"

"మేడెక్కినట్టుంది సాయిబు గారూ" అన్నాడు ప్రేమదాసు.

తలకున్న తువ్వాలు తీసి భుజాన వేసుకుని, రోడ్డుకు వీపు పెట్టి, హయాత్ ఇచ్చిన చెంబులో నీళ్ళు తాగుతున్నాడు. అప్పుడే అంకమ్మరావు ఇంట్లోంచి వచ్చాడు. ఆరోజు గుంటూరు నుంచి మిల్లు ఏజెంటు పత్తి చూడ్డానికి రావాల్సి ఉంది. వెనకనుంచి నీలి పంట్లాం చూసిన అంకమ్మరావు గబగబా నాలుగడుగులు వేసి, పై కండువా సర్దుకుని, రెండు చేతులూ జోడించాడు.

"నమస్కారమండీ! తమరు ఇక్కడాగిపోయారే? ఇంటికి రావలసింది, కాఫీ తాగి..."

ప్రేమదాసు తిరిగాడు. నోట్లో నీళ్ళు మింగాడు.

"నేనండయ్యా. ప్రేమదాసుని."

జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి. కోతకు పోతున్న ఆడకూలీలు రోడ్డు మీద ఆగిపోయి ఉన్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వింది రెబ్కాయే. ఆపుకుందామని కొంగు నోటికి అడ్డం పెట్టుకునేలోపే నవ్వు వచ్చేసింది. దాంతో మిగతావాళ్ళకీ పొంగుకొచ్చింది.

అంకమ్మరావు చేతులు దించి కండువా దులుపుకున్నాడు. ఆయనా కొంచెం నవ్వాడు. "ఓరి నీ దుంపతెగ! నువ్వట్రా?" అని, ప్రేమదాసు పంట్లాం వంకా, హయాత్ వంకా చూసి, ఇంకేమీ అనకుండా ఇంటికి తిరిగిపోయాడు. ఆయన నవ్వడంతో అందరి మనసూ కుదుటపడింది. హయాత్‌కు మాత్రం పడలేదు. ఆ ఇంటి బట్టలన్నీ అతను కుట్టినవే. కొలతలు తీసేటప్పుడు ఆ మనిషి ఊపిరి ఎప్పుడు బిగబడుతుందో అతనికి తెలుసు.

సాయంత్రం అంకమ్మరావు వచ్చి బోరా మీద కూర్చున్నాడు. పొలం నుంచి వస్తున్న ప్రేమదాసును పిలిచాడు. పిలిచిన గొంతులో కోపం లేదు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఒకరొకరే నిలబడ్డారు.

"సాయిబూ, ఇది నువ్వే గదా బాగుచేసింది?"

"అవునండి."

"పనితనం బావుంది. ఇదుగో, మోకాళ్ళ పైదాకా కత్తిరించి లాగు చెయ్యి. లాగు వేసుకోవద్దని నేనన్నానా? ఊళ్ళో చాలామంది వేసుకుంటున్నారు. పంట్లాం ఎందుకు వీడికి? రేపట్నుంచి ఎవరికి నమస్కారం పెట్టాలో ఎవరికి పెట్టకూడదో తెలీక నేను చావాలా?"

నిలబడ్డవాళ్ళు నవ్వారు.

"అయ్యా" అన్నాడు ప్రేమదాసు, "ఇది కూలోళ్ళ గుడ్డేనండి. మా పాస్టరు గారు చెప్పారు. కాళ్ళకు కట్టె గీసుకోకుండా..."

"ఏ దేశంలో కూలోళ్ళది?"

ప్రేమదాసు భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అదీ. ఆ దేశం వెళ్ళి వేసుకో. నేనొద్దన్నానా?" అంకమ్మరావు హయాత్ వైపు తిరిగాడు. "కానియ్ సాయిబూ. ఒంటి మీదుండగానే కానియ్. ఎంత పని?"

హయాత్ కత్తెర తీశాడు. చేతిలో అది ఎప్పుడూ లేనంత చల్లగా ఉంది. ప్రేమదాసు కాళ్ళు కట్టె దుమ్ముతో తెల్లబడ్డాయి, పంట్లాం నిండా గీతలు. మోకాలి కింద ఒకచోట మోడు గట్టిగా కొట్టుకున్న గుర్తు. గుడ్డ చిరగలేదు.

"ఒంటి మీదుండగా కత్తెర ఆడదండి" అన్నాడు హయాత్. "గుడ్డ మందం. కాలు తెగుతుంది. విప్పి ఇచ్చి వెళ్ళమనండి. నిదానంగా చేస్తా."

అంకమ్మరావు కాసేపాలోచించి లేచాడు. "సరే. రేపట్నుంచి పంట్లాంతో నా చేలో దిగితే కూలి లేదు. అంతే." నలుగురి వంకా చూసి వెళ్ళిపోయాడు.

ప్రేమదాసు బోరాల వెనక్కి వెళ్ళి, తువ్వాలు చుట్టుకుని, పంట్లాం మడతపెట్టి తెచ్చి ఇచ్చాడు. మడత పెట్టడం చేతకాక, చాప చుట్టినట్టు చుట్టాడు.

"కత్తిరించకండి" అన్నాడు మెల్లగా.

"కత్తిరించను. నా దగ్గరే ఉంటుంది. ఆయన కోపం ఎన్నాళ్ళుంటుంది? చల్లారాక తీసుకెళుదువుగాని. నాది పూచీ."

ఆ మాట ఇచ్చినందుకు హయాత్‌కు తన మీద తనకే గౌరవం కలిగింది. పంట్లాన్ని బల్ల కింద పాతబట్టల్లో పెట్టాడు.

తర్వాత పొద్దున్నే కూలీలు పోతున్నప్పుడు తల వంచుకుని మిషను తొక్కడం అలవాటు చేసుకున్నాడు. ప్రేమదాసు గోచీ బిగించి పోతూ వసారా వంక ఒకసారి చూసేవాడు. ఆ చూపులో అడగడం లేదు. ఉందా అని చూసుకోవడమే. ఒకరోజు అతని కుడి పిక్కకు పసుపు గుడ్డ కట్టి ఉంది.

"ఏమైంది?"

"మోడు దిగిందండి. కట్టె పీకుతూ వెనక్కి పడ్డా."

"లోతుగానా?"

"చిన్నదేలెండి. మట్టి కప్పితే రక్తం ఆగింది."

హయాత్ ఆ పసుపు గుడ్డ వంకే చూశాడు. మోకాలికి జానెడు కింద. పంట్లాంలో అది ఎక్కడొస్తుందో లెక్కగట్టడం తన కళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ చోట గుడ్డ ఒంటిపొర కూడా కాదు, పక్కకుట్టు మడతతో రెండింతలు పడే చోటు.

ఆ వారాంతంలో అంకమ్మరావు కొడుకు వాసు గుంటూరు నుంచి వచ్చాడు. కాలేజీలో చదువుతున్న కుర్రాడు. మంచివాడని ఊళ్ళో పేరు. హయాత్‌ను 'మామా' అని పిలుస్తాడు. తెల్లటి డ్రిల్లు గుడ్డ తెచ్చి బల్ల మీద పెట్టి, కాలేజీకి పంట్లాం కుట్టమన్నాడు. కొలతలిస్తుండగా కాలికేదో తగిలి కిందికి చూశాడు. పాతబట్టల్లోంచి నీలి అంచు కనపడుతోంది.

లాగి చూసి, నోరు తెరిచాడు. "మామా! ఇదెక్కడిది?"

"ప్రేమదాసుదయ్యా. మీ నాన్నగారు..."

"ఓ, అదా! అమ్మ చెప్పింది. నాన్నది వట్టి చాదస్తం." వాసు రాగి మేకులు వేలితో తడుముతున్నాడు. "మా హాస్టల్లో ఒకడికి వాళ్ళ బాబాయి మెడ్రాసు నుంచి తెచ్చాడు ఇలాంటిది. సినిమాకెళ్తే జనం వాణ్ణే చూస్తారు. దీన్ని బల్ల కింద పెట్టావా?"

"ఇది కూలోళ్ళ గుడ్డంట బాబూ."

"అందుకే గదా మామా సోకు!" అని నవ్వాడు వాసు.

నీలి పంట్లాం చేతిలో పట్టుకుని తన ఒంటికి ఆనించుకుని చూసుకుంటున్నాడు. అప్పుడే ప్రేమదాసు వచ్చి మెట్టు కింద నిలబడ్డాడు. కాలు ఈడుస్తున్నాడు. మొహం వాడిపోయి ఉంది.

"ప్రేమదాసూ, నీకు నూరేళ్ళు! నీ గురించే అనుకుంటున్నాం" అన్నాడు వాసు. "ఇది నాకిచ్చెయ్. నీకెలాగూ వేసుకునే వీల్లేదు గదా. ఊరికే వద్దు, ధోవతుల చాపు కొత్తది పంపిస్తా. నీ ఇష్టమేలే, బలవంతం లేదు."

ప్రేమదాసు హయాత్ వంక చూశాడు. హయాత్ ఏదో అనాలనుకున్నాడు. నాది పూచీ అన్నవాడు తను. ఇది తనకిచ్చి వెళ్ళిన సొత్తు, ఇవ్వను అనొచ్చు. వసారా కప్పు వంకా, మిషను వంకా చూశాడు. టేపు మెడలోంచి తీసి వేలికి చుట్టుకున్నాడు.

ప్రేమదాసు పళ్ళు బిగబట్టి ఉన్నాడు. దవడ ఎముక ఉబికి కనిపిస్తోంది.

"తీసుకోండి బాబూ" అన్నాడు. మాట పళ్ళ మధ్య నుంచి ముద్దగా వచ్చింది. "నాకిచ్చినోళ్ళు ఊరికే ఇచ్చారు. నేనూ ఊరికే ఇస్తున్నా. ధోవతులొద్దు."

తిరిగి వెళ్ళిపోయాడు. తన మీద కోపంతోనే మనిషి పళ్ళు బిగించాడనుకున్నాడు హయాత్. అంత కోపం రావడం న్యాయమేననుకున్నాడు.

వాసు పొడగరి. తను మడిచి వేసిన కుట్లన్నీ హయాత్ తనే విప్పాల్సి వచ్చింది. బ్లేడు మొనతో ఒక్కొక్క పోగే తెంపుతుంటే, మడతల్లో ఎండ తగలని నీలం కొత్తగా, ముదురుగా బయటపడింది. మస్తాన్‌బీ సంగటి గిన్నె పెట్టి నిలబడింది.

"ఈ కుట్టు కొంచెం విప్పి పెడతావా?" అని అడిగాడు.

"నేను ముట్టుకోను" అంది ఆవిడ. "మాటిచ్చింది నువ్వు." కాజాలు కూడా కుట్టకుండా వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే వాసు నీలి పంట్లాం వేసుకుని బజారులో నడిచాడు. వీధిలో కుర్రాళ్ళు వెనకపడ్డారు. అంకమ్మరావు అరుగు మీదనించి కొడుకును పైనుంచి కిందికి చూసి, "ఏవిట్రా ఈ మోటుగుడ్డ!" అన్నాడు. మళ్ళీ ఒకసారి చూసి, "నడుము దగ్గర బాగా కుదిరిందే. సాయిబేనా?" అని అడిగాడు. హయాత్ తల వంచి సలాం చేశాడు.

మర్నాడు వాసు అదే పంట్లాంతో గుంటూరు బస్సెక్కాడు. బస్సు వెళ్ళిన కాసేపటికి ప్రేమదాసు వాళ్ళ పేట వైపు నుంచి ఎద్దుబండి ఒకటి వేగంగా వచ్చింది. గడ్డి మీద ప్రేమదాసు విల్లులా వంగి ఉన్నాడు. మడమలూ తలా తప్ప ఒళ్ళు గడ్డికి ఆనడం లేదు. రెబ్కా అతని తల పట్టుకుని ఉంది. బండి రాయి ఎక్కి కుదిపినప్పుడల్లా అతని ఒళ్ళు ఇంకా బిగుసుకుపోతోంది. పళ్ళు బిగిసే ఉన్నాయి.

"నిన్నటి నుంచీ నోరు తెరవలేకపోతున్నాడు సాయిబు గారూ" అంది రెబ్కా బండిలోంచే. "గంజి కూడా దిగట్లేదు. ఆసుపత్రికి తీసుకెళుతున్నాం."

బండి ఆగలేదు. హయాత్ రోడ్డు మీద నిలబడ్డాడు. నిన్నటి నుంచీ. నిన్న మెట్టు కింద నిలబడి, ఆ మూసుకుపోతున్న నోటితో ఆ నాలుగు మాటలూ ఎంత కష్టపడి అని ఉంటాడో! అప్పుడైనా ఆ కాలు ఒకసారి చూసి, ఏమైందని అడిగి ఉంటే... అతను అడగలేదు. మొహం చాటేయడానికి టేపు చుట్టుకుంటూ నిలబడ్డాడు.

ప్రేమదాసును అదే బండిలో వెనక్కి తెచ్చారు. ధనుర్వాతమట. తెల్లవారుజామున పోయాడు. పేటలోని చర్చి గంట వినగానే హయాత్‌కు అర్థమైంది. మిషను ముందు కూర్చున్నాడుగానీ కాలు ఆడలేదు. పొద్దెక్కుతుండగా రెబ్కా వచ్చింది. మెట్టు కింద ఎప్పుడూ మొగుడు నిలబడే చోట నిలబడింది. ఆవిడ వేళ్ళ చివర్లు మిరపకాయల మంటకు ఎర్రగా పగిలి ఉన్నాయి. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"ఆ నీలి పంట్లాం ఇస్తారా సాయిబు గారూ? పెట్టెలో పడుకోబెట్టేటప్పుడు తొడుగుదామని. ఇప్పుడైతే ఎవరూ ఏమీ అనరు గదా."

హయాత్ బల్ల కింది పాతబట్టల వంక చూశాడు. గిన్నె తెచ్చిన మస్తాన్‌బీయే చెప్పింది. "అది గుంటూరు పోయిందమ్మా. పెద్దింటి అబ్బాయి వేసుకుపోయాడు."

"ఇచ్చేశానన్నాడు" అంది రెబ్కా. "నాతో చెప్పాడు. మర్చిపోయా." మెట్టు మీద చెయ్యి ఆనించుకుంది. "ఆరోజు ముందు నవ్వింది నేనేనండి. నేను నవ్వకుండా ఉంటే అంకమ్మరావు గారికంత రోషం వచ్చేది కాదు."

ఆవిడ వెళ్ళిపోయాక హయాత్ లేచాడు. బల్ల మీది తెల్లటి డ్రిల్లు గుడ్డ మడత విప్పి పరిచాడు. సబ్బుముక్క తీసుకుని గీతలు పెట్టసాగాడు. కొలతలు చూసుకోవలసిన పని లేదు.

"అది వాసుబాబు గుడ్డ" అంది మస్తాన్‌బీ.

"అవును."

"మనం ఈ వసారాలో..."

"తెలుసు."

కత్తెర గుడ్డలోకి కరకరమని దిగింది. మస్తాన్‌బీ కాసేపు నిలబడి చూసి, కిందనే కూర్చుని సూదికి దారం ఎక్కించుకుంది. నడుం పట్టీ తన ముందుకు లాక్కుంది. మిషను ఆరోజు ఒక్కసారి కూడా మొరాయించలేదు.

రెండో కాలు జతచేస్తుండగా అంకమ్మరావు వచ్చాడు. ప్రేమదాసు సంగతి అప్పటికే విన్నట్టుంది, మొహం గంభీరంగా పెట్టుకున్నాడు. "పాపం, మంచి పనివాడు" అన్నాడు. అప్పుడు మిషను మీదకు చూశాడు.

"ఆ గుడ్డ మాది కదూ?"

"అవునండి."

"మరి ఎవరికి కుడుతున్నావ్?"

"ప్రేమదాసుకండి."

అంకమ్మరావుకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "నన్నడక్కుండా?"

"ఆ నీలి పంట్లాం ఆయనది గదండీ" అన్నాడు హయాత్. ప్రేమదాసును 'ఆయన' అనడం అదే మొదటిసారి. తలెత్తలేదు. కాలు ఆపలేదు.

అంకమ్మరావు మిషను దగ్గరికి రెండడుగులు వచ్చి ఆగాడు. తెల్లటి కాలు పాదం కిందనించి జరుగుతూ జరుగుతూ బల్ల దిగి నేల దాకా వేలాడుతోంది. ఆయన చూపు దాని వెంటే కిందికి పోయింది.

"పత్తి మళ్ళీ వస్తుంది. కొట్టు చాలదు" అన్నాడు. "ఈ వసారా ఖాళీ చెయ్యి సాయిబూ. ఇంకెక్కడైనా చూసుకో."

"అలాగేనండి."

ఇంకేమైనా అంటాడేమోనని ఆయన నిలబడ్డాడు. హయాత్ మిషను తొక్కుతూనే ఉన్నాడు. కండువా సర్దుకుని వెళ్ళిపోయాడు. మస్తాన్‌బీ చేతిలో సూది ఒక్కక్షణం ఆగి, మళ్ళీ కదిలింది.

పేటలో ప్రేమదాసును తలుపుచెక్క మీద పడుకోబెట్టారు. పక్కన మామిడి పలకలతో పెట్టె కొడుతున్నారు. హయాత్ తనే పంట్లాం తొడిగాడు. బిగుసుకుపోయిన కాళ్ళు వంగలేదు. రెబ్కా తమ్ముడు ఇటువైపు ఎత్తితే, అతను అటునించి ఎక్కించాడు. నడుము సరిగ్గా సరిపోయింది. బొత్తాలు పెట్టి, అరచేత్తో ముడతలు సవరించాడు. పిక్క మీది గాయం కనపడకుండా పోయింది.

కాళ్ళు మాత్రం పొడుగయ్యాయి. గుడ్డ తగ్గించడానికి మనసొప్పక ఉదారంగా కత్తిరించాడు. తెల్లటి గుడ్డ పాదాలు దాటి చెక్క మీద పడుతోంది.

హయాత్ ప్రేమదాసు పాదాల దగ్గర గొంతుక్కూర్చున్నాడు. అంచు లోపలికి మడిచి, వేళ్ళతో నలిపి గీత పెట్టి, చొక్కా కాలరుకు గుచ్చుకున్న సూది తీశాడు. పెట్టె కొడుతున్నవాళ్ళు చేతులాపి చూశారు.

"వదిలెయ్యండి సాయిబు గారూ" అంది రెబ్కా. "ఇప్పుడెక్కడికి నడుస్తాడని?"

హయాత్ వినిపించుకోలేదు. దారం చివర తడిచేసి సూది బెజ్జానికి పెట్టాడు. దాటిపోయింది. మళ్ళీ పెట్టాడు. కళ్ళకు నీళ్ళడ్డమొచ్చి సూది రెండుగా కనిపిస్తోంది. మళ్ళీ పెట్టాడు.

రెబ్కా వచ్చి పక్కన కూర్చుంది. అతని చేతిలోంచి సూదీ దారం తీసుకుని, వెలుతురుకు ఎత్తిపట్టి, మిరప మంటకు పగిలిన వేళ్ళతో ఒక్కసారికే దారం ఎక్కించి, తిరిగి అతని చేతికిచ్చింది.